వేప, పసుపు, బావంచాలు: చర్మరోగములలో వీని గుణమెంత?

నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతపు బొగ్గుగనులలో భూగర్భమున పనిచేయువారికి ఉక్కయు, చెమటయు తప్పనివి. తడిసిన బట్ట ఒరసికొను చోట తామర సులభముగ పట్టును; ఒకరికి సోకిన గజ్జి ఇంటిల్లిపాదికిని ప్రాకును. అప్పుడు మొదట గుర్తుకు వచ్చునవి పెరటి వేపాకు, వంటింటి పసుపు. పెద్దలు చెప్పినారని కన్నులు మూసికొని నమ్ముటయు, నాటుమందు గదా యని త్రోసివేయుటయు రెండును తొందరపాటులే. పరీక్షకు నిలిచిన దెంతయో తెలిసికొనవలెను.

వేప, పసుపు నూరిన ముద్దను 814 మంది గజ్జి రోగులకు వాడి చూచిన ఫలితములు 1992లో ప్రకటింపబడినవి. నూటికి 97 మందికి 3 మొదలు 15 దినములలో నయమైనదని అందు చెప్పిరి. ఆశ గొలుపు మాటయే. కాని వేరొక మందు వాడినవారితో పోల్చి చూడనిదే గుణమంతయు ఆ ముద్దదేనని నిశ్చయింపరాదు. దీనిని మంచి ఆరంభముగ మాత్రమే ఎంచవలెను.

బావంచాల సంగతి వేరు. బొల్లి మచ్చలకు ఈ గింజలను మన వైద్యులు చిరకాలముగ వాడుచున్నారు. 1933లో మన దేశపు రసాయన శాస్త్రజ్ఞులు వీనినుండి సొరాలెన్ అను పదార్థమును వేరుచేసిరి. ఇది చర్మమున నున్నప్పుడు అతినీలలోహిత కిరణములు సోకినచో, రంగు నిచ్చు కణములు మరల పని చేయ నారంభించును. ఆధునిక వైద్యములోని సొరాలెన్ కిరణచికిత్సకు ఇదియే మూలము. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థయు బొల్లిపై దీర్ఘకాలముగ కృషి చేయుచున్నది.

గుణము నిజమైనచోట దోషమును నిజమే. ఈ గింజలు నూరి పూసికొని, మోతాదు తెలియక ఎండలో నిలిచినచో చర్మము కాలి బొబ్బలెక్కును. మూలిక గనుక హాని లేదనరాదు. జీడిగింజ రసము తగిలి పుండు పడినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. అంగడి మందు గనుక మేలనియు అనరాదు. స్టీరాయిడ్ కలిసిన లేపనము తామర దురదను అణచి, తామరను పెంచును.

తెల్లబారిన మచ్చలన్నియు బొల్లి కావు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కుష్ఠువ్యాధికి సూచన కావచ్చును. దానికి ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితముగ లభించును. పూతలతో నెలలు గడపినచో నరములు చెడును. చెడిన నరములు బాగుపడుట కష్టము. గజ్జికి ఏ మందు వాడినను ఇంటివారందరును ఒకేసారి వాడవలెను. పక్కబట్టలు వేడినీట ఉతుకవలెను. రోగమేదియో వైద్యుడు తేల్చిన పిమ్మటనే మందేదియో ఆలోచింపదగును.