సైకిలు పందెం - దారి చెప్పే తీర్పు

ఆషాఢమాసపు గాలిలో ఉరవకొండ వైపో, రామగిరి వైపో సైకిలు తొక్కినవారికి ఒక సంగతి బాగా తెలుసు. దారి చదునుగా ఉన్నా, ఎదురుగాలి వీస్తే కొండ ఎక్కినట్లే ఉంటుంది. ఈ గాలినీ కొండనూ లెక్కవేసి చూస్తే, యూరపులో జరిగే మూడు మహా సైకిలు పందేల కిటుకు మీకు బోధపడుతుంది.

ఫ్రాన్సులో టూర్ 1903లో, ఇటలీలో జీరో 1909లో, స్పెయినులో వుయెల్టా 1935లో మొదలయ్యాయి. ఇప్పుడు ఒక్కొక్కటి మూడు వారాలపాటు, 21 అంచెలుగా, మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అన్ని అంచెలకూ పట్టిన కాలాన్ని కూడినప్పుడు ఎవరిది తక్కువైతే వారే విజేత. కనుక పోటీదారుల మధ్య కాలంలో తేడా ఎక్కడ వస్తుందన్నదే ముఖ్యం.

మొదట చదును దారి చూద్దాం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు గంటకు 15 కి.మీ. వేగంతో పోతుండగా, అంతే వేగంతో ఎదురుగాలి వీచిందనుకోండి. గాలి దృష్ట్యా మీ వేగం 30 కి.మీ. అవుతుంది, నిరోధం నాలుగు రెట్లవుతుంది! ముందువాని చాటున పోయేవానికి ఈ శ్రమ చాలా తగ్గుతుంది. అందుచేత చదును అంచెలో సాధారణంగా గుంపంతా కలిసే గమ్యం చేరుతుంది.

కొండ దారి సంగతి వేరు. ఫ్రాన్సులోని ఆల్ప్ ద్యుయెజ్ దారి 13.8 కి.మీ. పొడవు, దానికి 21 మలుపులు. ప్రతి 100 మీటర్లకు సుమారు 8 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. మనిషీ సైకిలూ కలిపి 75 కిలోలైతే, వెనక్కు లాగే బలం 75 × 9.8 × 0.08, అనగా సుమారు 59 న్యూటన్లు. సెకనుకు 5 మీటర్ల చొప్పున ఎక్కాలంటే దీనికే 295 వాట్ల సామర్థ్యం కావాలి. వేగం తక్కువ కనుక ముందువాని చాటు అంతగా అక్కరకు రాదు. ఎవరి బరువు వారే మోయాలి. నిమిషాల తేడా వచ్చేది ఇక్కడే.

అయితే కొండ ఉంటే చాలదు, అది ఎక్కడ ఉందో చూడాలి. కొండ దిగాక ఇంకా 40 కి.మీ. చదును ఉంటే, వెనుకబడినవారు కలిసికట్టుగా తొక్కి ముందువారిని అందుకోవచ్చు. అంచె కొండకొననే ముగిస్తే ఆ అవకాశం లేదు.

జులైలో జరిగే టూర్‌లో పొడవైన చదును అంచెలతోపాటు ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలు ఉంటాయి. మే నెలలో జరిగే జీరోలో ఎత్తయిన కనుమలను చివరి వారానికి దాచి ఉంచడం పరిపాటి. అప్పటికి అక్కడ మంచు పూర్తిగా కరగదు. 2013లో మంచువల్ల ఒక అంచెనే రద్దు చేశారు. ఎండలో సాగే వుయెల్టాలో నిటారు ఎక్కుడు మీద ముగిసే అంచెలు ఎక్కువ. 1999లో తొలిసారి చేర్చిన ఆంగ్లిరూ కొండపై ఒకచోట వాలు 100కు 23 మీటర్లు దాటుతుంది.

మన సీమలోనూ ఇలా దారి గీయవచ్చు. అనంతపురం నుంచి తాడిపత్రికి ఒక అంచె. కదిరి, మదనపల్లె మీదుగా 1,265 మీటర్ల ఎత్తున్న హార్సిలీ కొండలకు మరొకటి. రెండవదే తీర్పు చెబుతుందనిపిస్తుంది కదూ? కాని ఆషాఢమాసంలో పక్కగాలి కొడితే ముందువాని వెనుక చాటు దొరకదు. చదును దారిలోనే గుంపు ముక్కలవుతుంది!

మీరూ పరీక్షించండి. బడికి పోవడానికీ, తిరిగి రావడానికీ పట్టిన కాలాన్ని, గాలి దిక్కును వారంపాటు రాసుకోండి. రద్దీలేని దారిలో, ముందు చక్రానికి తగినంత ఎడముంచి, వంతులవారీగా ముందుండండి. అలసినవారిని చాటున ఉంచండి. ఎదురుగాలిలో అందరూ ఇల్లు చేరే ఉపాయం ఇదే.