పాత్రధారణ క్రీడలో సామర్థ్యముల సమన్వయము

పాచికల ఆట మనకు క్రొత్త కాదు. పాచిక ఎంత పడినదో కాయ అంత నడచును. అందు వాదమునకు తావు స్వల్పము. కాని పాచికతోపాటు మాట కూడ సాధనముగా గల ఆట యొకటి అమెరికాలో పుట్టి, నేడు అనేక దేశములలో పిన్నలను పెద్దలను గంటల తరబడి ఒక బల్ల చుట్టు కూర్చుండబెట్టుచున్నది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. విస్కాన్సిన్ రాష్ట్రమునందలి లేక్ జెనీవాలో నివసించిన గ్యారీ గైగాక్స్, మినెసోటా రాష్ట్రమునకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి దీనిని రూపొందించిరి. 1974లో ఇది మూడు చిన్న పుస్తకములుగా వెలువడినది. బొమ్మసైన్యములతో ఆడు యుద్ధక్రీడలే దీనికి మూలము. అక్కడ ఆటగాడు ఒక సేనను నడపును. ఇక్కడ ఒక్క మనిషిని నడపును. భేదమంతయు అందే యున్నది.

ఆడు విధము ఇట్టిది. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క కల్పితపాత్రను స్వీకరించును. ఒకడు యోధుడగును, ఒకతె మంత్రగత్తె యగును. ఒకరు మాత్రము ఏ పాత్రనూ స్వీకరింపక, కథను నడపుచు, శత్రువుల పక్షమున పాచికలు వేయుచు, తగవు వచ్చినచోట తీర్పు చెప్పుదురు. ఆయనను ‘డంజన్ మాస్టర్’ అందురు. మనము నిర్వాహకుడు అందము. పాత్ర ఏమి చేయదలచినదో ఆటగాడు నోటితో చెప్పును. ఫలితము సందిగ్ధమైనచో 20 ముఖముల పాచిక వేసి, పడిన సంఖ్యకు పాత్ర యొక్క బలమునో చురుకుదనమునో తెలుపు అంకెను కూడును. ఆ మొత్తము శత్రువు రక్షణాంకమునకు సమానమైనను, మించినను దెబ్బ తగులును.

ఇంతవరకు చిక్కు లేదు. కాని ప్రతి పాత్రకును కొన్ని విశేష సామర్థ్యములు కలవు. ఒక్కొక్క సామర్థ్యమునకు గ్రంథములో నాలుగైదు వాక్యముల వివరణ ఉండును. వేరువేరుగ చదివినప్పుడు అవి సుబోధములే. ఒకే పాత్రయందు, ఒకే క్షణమున రెండు సామర్థ్యములు కలిసినప్పుడు ఏమగును? ఒకటి మరొకదానిని బలపరచునా, అడ్డగించునా? ఈ ప్రశ్న వద్దనే స్నేహితుల నడుమ గొంతులు పెరుగును.

ఇందుకు మా తప్పునే ఉదాహరణముగా చెప్పెదము. కొంతకాలము క్రిందట మేము నిర్వాహకులుగా నున్న ఒక బల్ల వద్ద ఒక యువకుడు రెండు వృత్తులు కలిసిన పాత్రను ఎన్నో వారములు శ్రమించి తీర్చుకొనెను. అందొకటి బార్బేరియన్, అనగా నాగరకత యెరుగని మోటు యోధుడు. రెండవది రోగ్, అనగా చాటుమాటున పనులు చక్కబెట్టుకొను నేర్పరి. మొదటివానికి ‘రేజ్’ అను ఉగ్రావేశము కలదు; రెండవవానికి ‘స్నీక్ అటాక్’ అను కపటపు దెబ్బ కలదు. ఆ యువకుడు ఆవేశమున నుండియే కపటపు దెబ్బ కొట్టెదననెను. “కన్ను కానని కోపములో నున్నవాడు కపటముగ కొట్టునా?” అని మేము నవ్వి త్రోసిపుచ్చితిమి. అందరును నవ్విరి. అతడు పాత్ర వ్రాసుకొన్న కాగితమును మెల్లగ మడచి జేబులో పెట్టుకొని, ఆ సాయంకాలము మరల నోరు విప్పలేదు.

ఇంటికి వచ్చి గ్రంథము తెరచి చదివితిమి. మేము తీర్పు చెప్పినది సామర్థ్యముల పేర్లను బట్టియే గాని, వాని వాక్యములను బట్టి కాదని తేలినది.

2014లో వెలువడిన అయిదవ కూర్పు ననుసరించి ఆ వాక్యముల సారమును చూతము. ప్రతి సామర్థ్యమును మూడు ప్రశ్నలు అడుగవలెను. ఏ నియమముపై? ఏ ఫలము? ఎంతసేపు? స్నీక్ అటాక్‌నకు ఆయుధము విల్లు వంటి దూరాయుధమైనను కావలెను, లేదా ‘ఫినెస్’ అను లాఘవగుణము గలదైనను కావలెను. సన్నని రేపియర్ కత్తి ఈ రెండవ కోవలోనిది. లాఘవగుణమనగా కొట్టువాడు తన బలమును గాని చురుకుదనమును గాని ఇష్టము వచ్చినట్లు ఎన్నుకొనవచ్చును. చురుకుదనముతోనే కొట్టవలెనని స్నీక్ అటాక్ ఎక్కడను చెప్పలేదు. ఇక రేజ్ చేకూర్చు అదనపు గాయమునకు నియమము వేరు. చేతి ఆయుధముతో, బలము నుపయోగించి కొట్టవలెను. మనసు ప్రశాంతముగ నుండరాదనియు, కపటము పనికిరాదనియు అందు లేదు. రేపియర్ కత్తిని బలముతో ప్రయోగించినచో రెండు నియమములును నెరవేరినవి. రెండు ఫలములును దక్కవలెను.

లెక్క వేసి చూతము. ఆ పాత్ర బార్బేరియన్‌గా 2వ స్థాయి, రోగ్‌గా 3వ స్థాయి చేరినదనుకొందము. బలమునకు 3 కూడును. రేపియర్ గాయమునకు 8 ముఖముల పాచిక ఒకటి, స్నీక్ అటాక్‌నకు 6 ముఖముల పాచికలు రెండు, రేజ్‌నకు 2. మొత్తము కనీసము 8, గరిష్ఠము 25, సగటు పదహారున్నర. అదే కత్తిని చురుకుదనముతో కొట్టినచో రేజ్ ఇచ్చు 2 రాదు. ఆయుధము అదే, మనిషి అతడే. నియమము తప్పినందున ఫలము తప్పినది.

నియమముల తరువాత కాలము. స్నీక్ అటాక్‌ను ఒక ‘టర్న్’కు ఒక్కమారే చేయవలెను. టర్న్ అనగా ఒక పాత్ర వంతు. అందరి వంతులు ఒక చుట్టు తిరిగిన ‘రౌండ్’ అగును. కథలో అది సుమారు 6 సెకండ్ల కాలము. వంతు వేరు, చుట్టు వేరు. చుట్టుకు ఒక్కమారని గ్రంథము చెప్పలేదు. శత్రువు తన వంతులో ఇతని చెంతనుండి తొలగిపోబోయినప్పుడు ఇతనికి ఎదురుదెబ్బకు అవకాశము వచ్చును. అది శత్రువు వంతు గనుక, స్నీక్ అటాక్ యొక్క తక్కిన నియమములు నెరవేరినచో అక్కడ మరొకమారు దానిని ప్రయోగింపవచ్చును. అట్టి ఎదురుదెబ్బ చుట్టుకు ఒకటే గనుక ఇది హద్దు మీరదు.

ఇచ్చట ఒక్క మాట మారిన ఎంత మారునో గమనింపదగును. ‘రెక్‌లెస్ అటాక్’ అను సామర్థ్యముచేత బార్బేరియన్ తన రక్షణను లెక్కచేయక విరుచుకుపడును. అప్పుడతడు 20 ముఖముల పాచికను రెండుమార్లు వేసి పెద్ద సంఖ్యను తీసికొనును. దీనిని ‘అడ్వాంటేజ్’ అందురు. 11 పడవలసినచోట సగమున్న అవకాశము దీనివలన నూటికి 75 అగును. ఇది ఉన్నచో స్నీక్ అటాక్‌నకును మార్గము తెరచుకొనును. 2014 కూర్పులో ఈ లాభము ‘ఈ వంతులో’ మాత్రమే. అందుచేత ఎదురుదెబ్బకు అక్కరకు రాదు. 2024లో సవరించిన కూర్పులో అది ‘తన తరువాతి వంతు మొదలగు వరకు’ నిలుచును. కనుక బలముతో కొట్టు ఎదురుదెబ్బకును వర్తించును. ఏ కూర్పుతో ఆడుచున్నారో ముందే నిశ్చయించుకొనని బల్ల వద్ద ఇరువురు చదువరులును సరిగానే చదివి, ఇరువురును తగవులాడుదురు.

ప్రతికూల కారణము తటస్థించినప్పుడు పాచికను రెండుమార్లు వేసి చిన్న సంఖ్యను తీసికొందురు, అది ‘డిస్అడ్వాంటేజ్’. రెండును ఒకేమారు వచ్చినచో ఒకదాని నొకటి రద్దు చేసికొనును. అనుకూలములు మూడుండి ప్రతికూలము ఒక్కటియే యున్నను మిగులునది శూన్యమే. ఇచ్చట కూడిక, తీసివేత లేవు. మన యోధుడు విరుచుకుపడెను గాని అతనికి విషమెక్కి యున్నదనుకొందము. విషము ప్రతికూలము గనుక రెండును పోయినవి. అడ్వాంటేజ్ ద్వారా స్నీక్ అటాక్ ఇక లేదు. అయినను ఆ శత్రువునకు మరొక శత్రువు, అనగా మన యోధుని స్నేహితుడు, 5 అడుగుల లోపల స్పృహతో పోరాడ శక్తుడై యున్నచో, ప్రతికూలము లేనంతవరకు స్నీక్ అటాక్ చేయవచ్చునని గ్రంథములో రెండవ మార్గము కలదు. ప్రతికూలము రద్దయినది గనుక ఆ మార్గము తెరచియే యున్నది.

తరువాతి చిక్కు ‘అగును’, ‘కూడును’ అను రెండు క్రియలది. కవచము ధరింపని బార్బేరియన్ రక్షణాంకము 10, చురుకుదనము, దేహదార్ఢ్యము కలిసి అగును. మంక్ అను మఠవాసి యోధునికి 10, చురుకుదనము, వివేకము కలిసి అగును. చురుకుదనమునకు 3, తక్కిన రెంటికి రెండేసి గల పాత్ర ఈ రెండు వృత్తులను చేపట్టినచో 17 వచ్చునని చాలమంది ఆశింతురు. రాదు, 15 మాత్రమే. రెండును వేరువేరు లెక్కించు పద్ధతులు, ఒకదానినే గ్రహింపవలెను. స్నేహితుడైన మాంత్రికుడు ‘మేజ్ ఆర్మర్’ ప్రయోగించినచో 13, చురుకుదనము కలిసి 16 అగును. అదియు మరొక పద్ధతియే గనుక 15కు చేరదు, దానికి బదులు నిలుచును. డాలు మాత్రము అట్లు కాదు. డాలు పట్టినవానికి 2 ‘కూడును’ అని గ్రంథము. కనుక బార్బేరియన్ పద్ధతిలో 15 అయినది డాలుతో 17 అగును. మంక్ పద్ధతికి డాలు పట్టరాదన్న నియమమున్నది గనుక అచ్చట డాలు పద్ధతినే పోగొట్టును.

వరుస కూడ ముఖ్యమే. 17 గాయము తగిలినది. ఒక సామర్థ్యము 3 తగ్గించును, మరొకటి సగము చేయును. ముందు తగ్గించినచో 14, సగము 7. ముందు సగము చేసినచో, భిన్నమును విడిచి 8, అందు 3 పోగా 5. కూడికలు తీసివేతలు ముందు, సగము చేయుట తరువాత అని గ్రంథము నిర్ణయించినది గనుక 7 సరియైనది. సగము చేయు కారణములు రెండున్నను ఒక్కమారే సగమగును.

వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అను మాటలు పరిచితములు. సామాన్యవిధికి విశేషవిధి అడ్డు వచ్చినచో విశేషమే నెగ్గును. ఈ క్రీడాగ్రంథము కూడ తన ఉపోద్ఘాతమునందే ఈ న్యాయమును స్వీకరించినది. కాని అపవాదము తాను పలికినంత మేరకే పనిచేయును. రేజ్‌లో నున్నవాడు మంత్రము ప్రయోగింపరాదు, ప్రయోగించినదానిని ఏకాగ్రతతో నిలుపుకొనరాదు అని గ్రంథము. కనుక తాను వేసికొన్న ‘బ్లెస్’ అను దీవెన రేజ్‌తో పోవును. స్నేహితురాలు వేసి, తన ఏకాగ్రతతో నిలుపుచున్న బ్లెస్ పోదు. అతని పాచికకు 4 ముఖముల పాచిక ఒకటి కూడుచునే యుండును. నిషేధించినది ప్రయోగమును, గ్రహణమును కాదు. అట్లని ఇరువురు స్నేహితులు వేసినచో రెండు పాచికలు రావు. ఒకే పేరు గల మంత్రఫలములు కలిసి కూడవు.

అక్షరమును పట్టుకొనుటకును హద్దు కలదు. ఆటగాండ్రలో ప్రసిద్ధమైన వింత వాదమొకటి వినుడు. వేలకొలది రైతులను వరుసగా నిలిపి, ఒక కఱ్ఱను ఒకరి చేతినుండి మరొకరికి అందించినచో, నియమముల ప్రకారము ఆ కఱ్ఱ ఒక్క చుట్టులోనే, అనగా 6 సెకండ్లలోనే, మైళ్ళ దూరము పోవును. అంత వేగమున పోయినది శత్రువును చీల్చివేయవలెను గదా అందురు. దోషము స్పష్టము. కఱ్ఱను అందించునప్పుడు క్రీడానియమమును, శత్రువునకు తగులునప్పుడు భౌతికశాస్త్రమును ఆశ్రయించిరి. అందించిన కఱ్ఱకు వేగమువలన గాయము కలుగునని క్రీడానియమము చెప్పలేదు. నియమములు భౌతికశాస్త్రము కావనియు, వానిని సద్బుద్ధితో చదువుకొనవలెననియు 2024 నాటి నిర్వాహకుల గ్రంథము హెచ్చరించుచున్నది.

గ్రంథమునకు మాటలు చాలనిచోట నిర్వాహకుని తీర్పే తుదిది; ఈ అధికారమును గ్రంథమే ఇచ్చినది. కాని అధికారమున్నదని చదువుట మానరాదు. బల్ల చుట్టు కూర్చున్నవారి నడుమ గల ఒడంబడిక ఆ వాక్యములే. ఆటగాడు వానిని నమ్మియే తన పాత్రను తీర్చుకొనును. వానిని చదువకయే కాదన్నచో అతడు కోల్పోవునది ఒక దెబ్బ కాదు, మన మాటపై నమ్మకము.

తరువాతి వారము ఆట మొదలు పెట్టుటకు ముందే, అందరును వినుచుండగా, “కిందటిమారు మేము చెప్పిన తీర్పు తప్పు, నీవు చదివినదే సరి” అని ఆ యువకునితో చెప్పితిమి. అతడు ఏమియు అనలేదు. జేబులోనుండి మడతలు పడిన ఆ కాగితమును తీసి, బల్లపై పరచి, అరచేతితో చదును చేసెను. ఆట సాగినది.