సేకరణ కార్డుల ఆటలో విస్తరణ సెట్లు: నాడు, నేడు

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• విస్తరణ సెట్ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒకే కార్డు ఆట వస్తువుగానూ, సేకరణ వస్తువుగానూ ఉండటం వల్ల కలిగే చిక్కును చర్చించగలుగుతారు.
• ప్యాకెట్లో ఒక కార్డు దొరికే సంభావ్యతను లెక్కించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

పేకాట మనందరికీ తెలిసినదే. ఎవరి చేతిలోని కట్ట తీసుకున్నా అవే 52 ముక్కలు. ఇప్పుడు ఇలా ఊహించండి: ప్రతి ఆటగాడూ తన కట్టను తానే కూర్చుకొని వస్తాడు. ఏటా వందల కొత్త ముక్కలు బజారులోకి వస్తాయి. వాటిలో కొన్ని మాత్రం అరుదుగా దొరుకుతాయి. సేకరణ కార్డుల ఆట అంటే స్థూలంగా ఇదే. విడతలుగా వచ్చే ఆ కొత్త కార్డుల సముదాయాన్ని విస్తరణ సెట్ అంటారు.

ఈ తరహా ఆటలకు దారి చూపినది ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’. గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీనిని రూపొందించాడు. అమెరికాలోని విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసింది.

6.2 తొలి విస్తరణలు

మొదటి విస్తరణ సెట్ ‘అరేబియన్ నైట్స్’ 1993 డిసెంబరులో వచ్చింది. మొదట దీని కార్డుల వెనుకవైపు వేరే రంగులో ముద్రించాలనుకున్నారు. చివరికి పాత కార్డుల మాదిరిగానే ఉంచారు. ఈ నిర్ణయం చిన్నదిగా కనిపించినా దాని ఫలితం పెద్దది. వెనుకవైపు ఒకేలా ఉంటేనే పాత, కొత్త కార్డులను కలిపి ఆడవచ్చు. అందువల్ల ప్రతి కొత్త సెట్ వేరే ఆట కాకుండా, పాత ఆటకు కొనసాగింపు అయింది.

1994లో యాంటిక్విటీస్, లెజెండ్స్, ద డార్క్, ఫాలెన్ ఎంపైర్స్ వరుసగా వచ్చాయి. మొదట్లో సరుకు చాలక, అడిగినన్ని ప్యాకెట్లు దుకాణాలకు అందలేదు. దానితో దుకాణదారులు ఫాలెన్ ఎంపైర్స్‌కు అవసరానికి మించి ఆర్డరు ఇచ్చారు. ఈసారి సరుకు విరివిగా వచ్చింది, ధర పడిపోయింది. కార్డు విలువ కాగితంలో లేదని, కొరతలో ఉందని ఈ సెట్ రుజువు చేసింది.

6.3 పునర్ముద్రణ సమస్య

పాత కార్డులు దొరకక కొత్త ఆటగాళ్లు ఇబ్బంది పడ్డారు. వారి కోసం 1995లో ‘క్రానికల్స్’ పేరుతో తొలి విస్తరణల కార్డులను కొన్నింటిని మళ్లీ ముద్రించారు. ఆటగాళ్లకు మేలు జరిగింది, కాని డబ్బు పెట్టి దాచుకున్న సేకరణదారులు మండిపడ్డారు. 1996లో సంస్థ ‘రిజర్వ్‌డ్ లిస్ట్’ ప్రకటించి, అందులోని కార్డులను ఆటకు పనికివచ్చే రూపంలో తిరిగి ముద్రించబోమని మాట ఇచ్చింది. ప్రసిద్ధమైన ‘బ్లాక్ లోటస్’ ఆ జాబితాలోదే. ఈ మాట సేకరణదారులను కాపాడింది, కాని పాత కార్డులతో జరిగే పోటీల్లోకి రావడం కొత్తవారికి కష్టమైంది.

దీనికి మరో మార్గం 1995లోనే మొదలైంది. ఇటీవలి సెట్లను మాత్రమే అనుమతించే ఈ పోటీ విధానాన్ని ‘స్టాండర్డ్’ అంటారు. కొత్తవారు పాత కార్డుల కోసం వెదకనక్కరలేదు. అయితే కొన్న కార్డులు కొంతకాలానికి ఈ పోటీల నుంచి తప్పుకుంటాయి. 2023లో ఆ గడువును రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచారు.

6.4 నేటి సెట్లు

నేడు ఒకే కార్డును పలు రూపాల్లో ముద్రిస్తున్నారు. 2019 నుంచి సేకరణదారులకు ‘కలెక్టర్ బూస్టర్’ ప్యాకెట్లు వేరుగా వస్తున్నాయి. 2023 నాటి ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సెట్‌లో ‘ద వన్ రింగ్’ కార్డు ప్రత్యేక రూపాన్ని ఒకే ఒక్క ప్రతి ముద్రించారు. అదే కార్డు మామూలు రూపంలోనూ వచ్చింది. ఆటలో రెండూ చేసే పని ఒక్కటే. అంటే అందానికీ అరుదుదనానికీ ఒక ధర, ఆటకు మరో ధర అన్నమాట.

సెట్లకు కథాలోకాలు కూడా ఉంటాయి. 2016 నాటి ‘కళాదేశ్’ సెట్ భారతీయ కళల స్ఫూర్తితో రూపొందింది. 2025లో ‘ఈథర్‌డ్రిఫ్ట్’ సెట్‌లో ఆ లోకం ‘ఆవిష్కార్’ అనే పేరుతో తిరిగి కనిపించింది.

6.5 ఒక లెక్క

2008లో ‘షార్డ్స్ ఆఫ్ అలారా’ సెట్‌తో ‘మిథిక్ రేర్’ అనే అత్యంత అరుదైన తరగతి వచ్చింది. అప్పట్లో సగటున 8 ప్యాకెట్లకు ఒకటి చొప్పున ఆ తరగతి కార్డు దొరికేది. ఆ సెట్‌లో అటువంటివి 15. కాబట్టి మీరు కోరిన ఒక్క కార్డు సగటున 8 × 15 = 120 ప్యాకెట్లకు ఒకసారి వస్తుంది. మరి 120 ప్యాకెట్లు కొంటే తప్పక దొరుకుతుందా? దొరకదు. ఒక ప్యాకెట్లో అది లేకపోయే సంభావ్యత 119/120. దానిని 120 సార్లు గుణిస్తే సుమారు 0.37 వస్తుంది. అంటే అంత ఖర్చు పెట్టిన ప్రతి 100 మందిలో దాదాపు 37 మందికి ఆ కార్డు రాదు. అందుకే అనుభవజ్ఞులు ప్రత్యేకంగా కావలసిన కార్డును విడిగా కొనుక్కుంటారు. ప్యాకెట్ విప్పడంలోని సరదాను సరదాగానే లెక్కవేసుకుంటారు.

6.6 సారాంశం

విస్తరణ సెట్ల చరిత్ర రెండు వర్గాలకు ఇచ్చిన మాటల చరిత్ర. కార్డులు ఎక్కువైతే సేకరణదారు నష్టపోతాడు, తక్కువైతే ఆటగాడు బయటే ఉండిపోతాడు. ఆడేవారు లేని ఆటలో కార్డుకు విలువ నిలవదన్న సంగతి ఇద్దరూ గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. క్రానికల్స్ వల్ల ఎవరికి మేలు, ఎవరికి నష్టం కలిగింది?
2. ఒక సెట్‌లో మిథిక్ రేర్ కార్డులు 20 ఉంటే, 6.5లోని లెక్క ఎలా మారుతుంది?