పొట్ట నిండినా ఆగని చెయ్యి

కృష్ణా డెల్టా చివరన సముద్రాన్ని ఆనుకుని ఉన్న కృత్తివెన్ను మండలంలో రొయ్యల రైతులు మేతను లెక్క కట్టి చల్లడంతో సరిపెట్టుకోరు. చెక్ ట్రే అనే పళ్లెంలో కొంత మేత పెట్టి చెరువులోకి దించి, కొంతసేపటికి పైకి లాగి, అందులో ఎంత మిగిలిందో చూసి తరువాతి పూట మేతను పెంచడమో తగ్గించడమో చేస్తారు. మేత గుళికల్లో రొయ్యను వాసనతో రప్పించే పదార్థాలు కలుస్తాయన్న సంగతి కూడా వారికి తెలిసినదే. తిండి ఎంత లోపలికి పోతుందన్నది ఆకలితో పాటు ఆ తిండి తయారైన తీరును బట్టి కూడా ఉంటుందన్న ఈ చెరువుగట్టు జ్ఞానం, అదే మండలం మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి పక్క కిరాణా కొట్లలో దండలుగా వేలాడే చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్లకూ సరిగ్గా వర్తిస్తుంది. రొయ్యకైతే ట్రే తీసి చూసే యజమాని ఉంటాడు, మనిషికి ఆ ఏర్పాటు లేదు.

వడ్లు మరాడించడం, పాలు తోడుపెట్టడం, చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టడం కూడా ఆహారాన్ని ప్రాసెస్ చేయడమే కనుక, ప్రాసెస్ చేసిన ప్రతిదీ హానికరమనడం అర్థం లేని మాట. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మోంటేరో 2009లో ప్రతిపాదించిన ‘నోవా’ వర్గీకరణ ఆహారాలను నాలుగు తరగతులుగా విడదీసింది. వాటిలో నాలుగోది, అంటే పిండిపదార్థాలను, నూనెలను, చక్కెరలను విడివిడిగా తీసి, వాటికి రంగులు, కృత్రిమ రుచులు, నూనెనూ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్లు చేర్చి ఫ్యాక్టరీలో రూపొందించేదే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం. ప్యాకెట్ రొట్టెనూ కూల్‌డ్రింకునూ ఒకే గాటన కట్టే ఈ తరగతి మరీ విశాలమైనదన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది; అయినా అతిగా తినడాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే విభజన ఇప్పటికి లేదు.

ఈ తిండి నిజంగానే ఎక్కువ తినిపిస్తుందా అన్న ప్రశ్నకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2019లో ప్రయోగపూర్వకంగా జవాబిచ్చింది. 20 మందిని ఆసుపత్రి ఆవరణలోనే నాలుగు వారాలు ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్ని, మరో రెండు వారాలు మామూలు వంటను పెట్టారు. వడ్డించిన ఆహారంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు పక్షాలా సమానంగా ఉండేట్టు చూసి, ఎంత తినాలన్నది మాత్రం వారి ఇష్టానికే వదిలేశారు. ప్యాకెట్ తిండి రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు, అంటే దాదాపు 400 గ్రాముల వండిన అన్నానికి సాటి వచ్చేంత అదనంగా తిని, రెండు వారాల్లో 0.9 కిలోల బరువు పెరిగారు. మామూలు వంట తిన్న రెండు వారాల్లో అంతే తగ్గారు.

కారణాల్లో మొదటిది వేగం. కడుపు నిండిందన్న కబురు పేగుల్లోని హార్మోన్ల ద్వారా మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. నోట్లో వేయగానే కరిగిపోయే తిండి ఆ కబురు చేరేలోపే ప్యాకెట్ ఖాళీ చేయిస్తుంది. దివిసీమ తాటితోపుల్లో దొరికే తేగను పీచు తీసుకుంటూ నమిలి తినాలంటే దవడలకు ఎంత పనో తెలిసినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు. రెండవది సాంద్రత: 100 గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలుంటే, అంతే బరువున్న చిప్స్‌లో 500కు పైనే ఉంటాయి, పైగా కడుపులో చోటు మాత్రం అంతగా ఆక్రమించవు. మూడవది కలయిక, ప్రకృతిలో అరుదుగా కలిసి కనిపించే కొవ్వునూ పిండిపదార్థాన్నీ ఉప్పుతోనో తీపితోనో జతచేసి, ఎక్కువమందికి అత్యంత ఇష్టమయ్యే మోతాదును పరీక్షల ద్వారా నిర్ధారించి మరీ ఈ సరుకును తయారు చేస్తారు. మాంసకృత్తుల సంగతి కూడా ఉంది: శరీరం తనకు కావలసిన మాంసకృత్తులు అందేదాకా ఆకలిని నిలిపి ఉంచుతుందనీ, అవి పలచబడిన తిండిలో ఆ కొరత తీరడానికి పిండీ నూనే అదనంగా తినాల్సి వస్తుందనీ సింప్సన్, రాబెన్‌హైమర్ అనే శాస్త్రవేత్తలు 2005లో వాదించారు. చేపా రొయ్యా పండించి దేశదేశాలకు పంపే ప్రాంతంలోని పిల్లలు మైదా బిస్కెట్లతో సాయంత్రపు ఆకలి తీర్చుకోవడం ఈ వెలుగులో చూస్తే వింతగానే తోస్తుంది.

ఇంతమాత్రాన సంప్రదాయమంతా అమృతమని అనుకోరాదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు శనగపిండి, నెయ్యి, తీపితో చేసినదే కనుక కేలరీలకు అందులో కొదవ లేదు; కాకపోతే దాని బరువైన రుచి ఒకటి రెండింటి దగ్గరే చేతిని ఆపుతుంది, పైగా అది రోజూ తినే సరుకు కాదు. పాలిష్ పట్టిన తెల్లన్నం, ఉప్పు నిండిన ఊరగాయలు డెల్టా భోజనంలో ఉండనే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో మూడోవంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు. ఈ పాపమంతా ప్యాకెట్లదేనని చెప్పలేం గాని, పాత అలవాట్ల మీద అవి వేసిన అదనపు భారం చిన్నది కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన 17 ఆహార మార్గదర్శకాల్లో అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్ని తగ్గించడం ఒకటి, లేబుల్ చదవడం మరొకటి. లేబుల్ మీద పదార్థాలు బరువులో ఎక్కువ నుంచి తక్కువ వరుసలో ఉంటాయి కాబట్టి, మొదటి మూడింటిలో మైదా, పామాయిల్, చక్కెర కనిపిస్తే ఇక లోపలి సంగతి తెలిసినట్టే. కేలరీలను ‘ఒక వడ్డన’కు చెప్పి ప్యాకెట్‌లో మూడు వడ్డనలు పెట్టే పద్ధతి ఉంది గనుక 100 గ్రాముల అంకెనే చూడాలి. నిగ్రహం మీద మరీ ఆశ పెట్టుకోకుండా, సరుకును ఇంట్లో నిల్వ ఉంచకపోవడం, తినక తప్పనప్పుడు చిన్న గిన్నెలో పోసుకుని ప్యాకెట్‌ను దూరంగా పెట్టడం, ఫోను చూస్తూ తినకపోవడం, దాహానికి కూల్‌డ్రింకు బదులు మజ్జిగ తాగడం, బడి నుంచి వచ్చే పిల్లలకు ఉడికించిన శనగలో, వేరుశనగలో, జామకాయో సిద్ధంగా ఉంచడం ఎక్కువ పని చేస్తాయి. ఆకలితో ఉన్న పిల్లవాడికి ఏది ముందు చేతికందితే అదే తిండి.

అయితే ఇంటి గడప దాటాక ఈ జాగ్రత్తలు చాలవు. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న ఆహారాన్ని బడి ఆవరణలోనూ, దాని గేటు నుంచి 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన చేసింది. కృత్తివెన్నులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా పాఠశాల యాజమాన్య కమిటీల్లో కూర్చునే తల్లిదండ్రులు తరువాతి సమావేశంలో ఈ నిబంధన తమ బడి దగ్గర అమలవుతోందా అని అడగాలి.