డేటా బదిలీ వేగాల మార్పిడి

నెట్‌వర్కు వేగాన్ని, కంప్యూటరు నిల్వ సాధనాల వేగాన్ని ఒకే కొలమానంలోకి తెచ్చి పోల్చడాన్ని డేటా బదిలీ వేగాల మార్పిడి అంటారు. నెట్‌వర్కు వేగాన్ని సెకనుకు ఇన్ని బిట్లు అని చెబుతారు. ఫ్లాపీ డిస్కు, సీడీ, హార్డు డిస్కు వంటి సాధనాల వేగాన్ని సెకనుకు ఇన్ని బైట్లు అని చెబుతారు. ఈ తేడా తెలియని వినియోగదారుడు 100 మెగాబిట్ల కనెక్షను తీసుకొని, తెరపై సెకనుకు 11 లేక 12 మెగాబైట్లు మాత్రమే కనిపిస్తే మోసపోయానని భావించవచ్చు. నిజానికి అది సరైన వేగమే. మార్పిడి తెలిసినవారు నిజంగా వేగం తగ్గినప్పుడు కూడా సులువుగా గుర్తించగలరు.

బిట్టు, బైటు

బిట్టు విలువ 0 గాని 1 గాని అవుతుంది. జాన్ టుకీ సూచించిన ఈ పదాన్ని క్లాడ్ షానన్ 1948లో తన వ్యాసంలో వాడాడు. బైటు అనే పదాన్ని 1956లో ఐబీఎం సంస్థకు చెందిన వెర్నర్ బుక్‌హోల్జ్ ప్రవేశపెట్టాడు. నేటి వాడుకలో 8 బిట్లు ఒక బైటు. తీగ మీద సంకేతాలు బిట్టు వెంట బిట్టుగా ప్రయాణిస్తాయి కనుక నెట్‌వర్కులో బిట్టు ప్రమాణమైంది. ఫైళ్ళ పరిమాణాన్ని బైట్లలో కొలుస్తారు కనుక నిల్వ సాధనాలకు బైటు ప్రమాణమైంది. ఆంగ్ల సంక్షిప్త రూపాలలో చిన్న అక్షరపు 'బి' బిట్టును, పెద్ద అక్షరపు 'బి' బైటును సూచిస్తాయి. ప్రకటనలు చదివేటప్పుడు ఈ అక్షరాన్ని గమనించాలి.

కిలో అంటే ఎంత?

నెట్‌వర్కు లెక్కలలో కిలో అంటే 1,000. నిల్వ లెక్కలలో చాలాకాలంగా 1,024ను కూడా కిలో అనే పిలిచారు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1,024కు కిబి, 10,48,576కు మెబి అనే పేర్లను నిర్ణయించింది. 1987లో వచ్చిన 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో రెండు పద్ధతులూ కలిసిపోయాయి. దాని అసలు పరిమాణం 1,440 × 1,024, అనగా 14,74,560 బైట్లు.

మార్పిడి సూత్రాలు

* సెకనుకు బైట్లు = సెకనుకు బిట్లు ÷ 8
* సీడీ వేగపు రెట్లు = సెకనుకు బైట్లు ÷ 1,53,600
* పట్టే కాలం (సెకన్లలో) = ఫైలు పరిమాణం (బైట్లలో) ÷ సెకనుకు బైట్లు

పాత నిల్వ సాధనాల వేగాలు

'''ఫ్లాపీ:''' 1.44 మెగాబైట్ల ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు, అనగా సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. ఒక్కొక్క ట్రాకులో 512 బైట్ల సెక్టార్లు 18 ఉంటాయి. కనుక గరిష్ఠ వేగం 18 × 512 × 5 = సెకనుకు 46,080 బైట్లు. రెండు వైపులా కలిపి 160 ట్రాకులు కాబట్టి మొత్తం చదవడానికి కనీసం 32 సెకన్లు పడుతుంది.

'''సీడీ:''' ఒక రెట్టు వేగంలో సెకనుకు 75 సెక్టార్లు చదవబడతాయి. సంగీతపు సీడీలో ఒక్కొక్క సెక్టారులో 2,352 బైట్లు ఉంటాయి. డేటా సీడీలో దోషాల సవరణ మొదలైన వాటికి 304 బైట్లు పోగా 2,048 మిగులుతాయి. 75 × 2,048 = 1,53,600 బైట్లు. 52 రెట్ల డ్రైవు గరిష్ఠ వేగం సెకనుకు 79,87,200 బైట్లు. అయితే ఆ వేగం డిస్కు బయటి అంచు వద్ద మాత్రమే లభిస్తుంది.

పోలిక

భారత ప్రభుత్వ బ్రాడ్‌బ్యాండ్ విధానం 2004లో కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. ఇది సెకనుకు 32,000 బైట్లకు సమానం. అంటే నాటి కనీస బ్రాడ్‌బ్యాండ్ వేగం ఫ్లాపీ డ్రైవు వేగం కంటే తక్కువ! ఈ కనీస వేగాన్ని 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు.

ఒక ఫ్లాపీ, 74 నిమిషాల డేటా సీడీ (68,19,84,000 బైట్లు) బదిలీకి ఆదర్శ పరిస్థితులలో పట్టే కాలం:

* 56 కిలోబిట్ల మోడెం: ఫ్లాపీకి 3 నిమిషాల 31 సెకన్లు, సీడీకి సుమారు 27 గంటలు
* 256 కిలోబిట్లు: ఫ్లాపీకి 46 సెకన్లు, సీడీకి 5 గంటల 55 నిమిషాలు
* 2 మెగాబిట్లు: ఫ్లాపీకి 6 సెకన్లు, సీడీకి 45 నిమిషాలు
* 100 మెగాబిట్లు: ఫ్లాపీకి 0.12 సెకను, సీడీకి 55 సెకన్లు

100 మెగాబిట్ల వేగం సీడీ లెక్కలో సుమారు 81 రెట్లు. అది 52 రెట్ల డ్రైవును కూడా మించింది.

గమనించవలసిన విషయాలు

* అన్ని సందర్భాలలోనూ 8తో భాగించడం సరిపోదు. పాత సీరియల్ పోర్టులో సాధారణంగా ప్రతి బైటుకు ముందు, వెనుక ఒక్కొక్క బిట్టు అదనంగా చేరుతుంది. కనుక 10తో భాగించాలి. 9,600 బిట్ల వేగంలో 960 బైట్లే చేరతాయి. తొలి సాటా హార్డు డిస్కుల 1.5 గిగాబిట్లు 150 మెగాబైట్లు కావడానికి కారణం కూడా ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపడమే.
* నెట్‌వర్కులో చిరునామాలు మొదలైన అదనపు సమాచారం కూడా ప్రయాణిస్తుంది. ఈథర్‌నెట్‌లో సాధారణంగా తీగపై 1,538 బైట్ల స్థలం పట్టే ప్యాకెట్టులో ఫైలుకు చెందినవి 1,460 బైట్లే. అందువలన 100 మెగాబిట్ల తీగ మీద సెకనుకు 12.5 మెగాబైట్లకు బదులు సుమారు 11.9 మెగాబైట్లు కనిపిస్తాయి.
* దారిలో అన్నిటికంటే నెమ్మదైన భాగమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. 12 మెగాబిట్ల యూఎస్‌బీ 1.1 డిస్కులోకి నేరుగా దించుకుంటే, కనెక్షను ఎంత వేగవంతమైనదైనా సెకనుకు 1.5 మెగాబైట్లకు మించదు.

ఇవి కూడా చూడండి

* బైటు
* ఫ్లాపీ డిస్కు
* మోడెం
* బ్రాడ్‌బ్యాండ్