మందు షాపా? మందుల షాపా?

మా ఊరి సెంటర్లో రెండు కొట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి మందు షాపు, రెండోది మందుల షాపు. మధ్యలో సిమెంటు రోడ్డు. తెలుగు తెలిసినవాడెవడూ ఒకదానికి బయల్దేరి పొరపాటున రెండోదానికి వెళ్లడు. తేడా అంతా ఒక్క 'ల'లో ఉంది. ఏకవచనమైతే మత్తు, బహువచనమైతే ఆరోగ్యం. నేను చదివిన ఏ వ్యాకరణంలోనూ ఈ సూత్రం కనపడలేదు. అయినా అక్షరం ముక్క రానివాళ్లు కూడా దీన్ని తప్పరు.

అదే మందు చేలోకి వెళ్తే వేషం మారుస్తుంది. చల్లితే ఎరువు, కొడితే పురుగుమందు. "సాయంత్రం మందు కొట్టాలి" అని రైతు అంటే భుజానికి స్ప్రేయరు తగిలించుకుంటాడు. అదే మాట, ఒక్క అక్షరం మారకుండా, పట్నంలో కుర్రాడు అంటే ఫ్రెండ్స్‌కి ఫోన్ చేస్తాడు. "వాడికెవరో మందు పెట్టారు" అంటే వశీకరణం. పాతరలో ఉంటే పేలుతుంది. "దీనికి మందు లేదు" అని పెద్దాయన నిట్టూరిస్తే అక్కడ సీసా లేదు, బిళ్ల లేదు, చేయగలిగింది లేదని అర్థం. వీటన్నిటికీ ఒకే మూలం వెతకమంటే, కొంచెం వేస్తే పెద్ద పని చేసేది మందు అంటాను. సరిపోయిందో లేదో మీరే చూడండి.

నిఘంటువు ఇలాంటి అర్థాలకి 1, 2, 3 అని అంకెలేసి బడిపిల్లల్లా వరసలో నిలబెడుతుంది. దానికి వేరే దారి లేదు. మన నోట్లో మాత్రం అవి క్యూ కట్టవు. పక్కన 'చల్లు' కనపడగానే ఎరువు ముందుకొస్తుంది, మిగతావి ఎక్కడివక్కడే పడుకుంటాయి. అంటే అర్థం మాటలో ఉందా, దాని పక్కన కూర్చున్న మాటలో ఉందా?

ఈ ప్రశ్న మనవాళ్లకి బాగా పాతది. సుమారు అయిదో శతాబ్దానికి చెందిన భర్తృహరి 'వాక్యపదీయం'లో, ఒక మాటకి చాలా అర్థాలున్నప్పుడు వినేవాడు ఒక్కదాన్ని ఎలా ఏరుకుంటాడో చెబుతూ ఒక జాబితా ఇచ్చాడు. తర్వాతి ఆలంకారికులు దానికి కట్టిన ఉదాహరణలు భలే ఉంటాయి. 'హరి' అనే మాట తీసుకోండి. అమరకోశం నానార్థవర్గం ప్రకారం హరి అంటే విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, చివరికి కప్ప కూడా. మరి శంఖచక్రాలున్న హరి అంటే? విష్ణువే. దీన్ని సంయోగం అన్నారు, కూడా ఉన్నదాన్ని బట్టి గుర్తుపట్టడం. అసలు తమాషా దీని తర్వాతది. శంఖచక్రాలు లేని హరి అన్నా విష్ణువే! కప్పకి శంఖచక్రాలు లేవని ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు కదా. ఉండాల్సినవాడికే లేకపోవడం వార్త. దీని పేరు విప్రయోగం. మన మందుకీ ఇది అతికినట్టు సరిపోతుంది. "కిక్కు లేని మందు" అన్నామంటే అది జ్వరం బిళ్ల గురించి కాదు.

ఇంకా ఉంది. రామలక్ష్మణులు అంటే ఆ రాముడు దశరథుడి కొడుకు. రామకృష్ణులు అంటే బలరాముడు. రామార్జునుల పోరు అంటే పరశురాముడు, ఆ అర్జునుడేమో పాండవుడు కాదు, కార్తవీర్యుడు. రాముడు అన్న మూడక్షరాలూ మారలేదు, చెయ్యి పట్టుకున్నవాడో చెయ్యి చేసుకున్నవాడో మారాడంతే. అన్నం ముందు కూర్చుని "సైంధవం పట్రా" అంటే ఉప్పు, ప్రయాణానికి సిద్ధమై అంటే గుర్రం. సైంధవ లవణం ఇవాళ్టికీ మన పచారీ కొట్లలో దొరుకుతుంది. గుర్రం ఆ మాటలోంచి ఎప్పుడో దిగిపోయింది. ఆ జాబితా చివర చోటు, కాలం, గొంతులో స్వరం కూడా ఉన్నాయి. వాటితో మళ్లీ పనిపడుతుంది.

లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేసి వెళ్లిన జె.ఆర్.ఫర్త్ 1957లో ఇంచుమించు ఇదే సంగతి చెప్పాడు. మనిషిని స్నేహాలను బట్టి అంచనా కట్టినట్టే మాటనీ దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని. 2013లో గూగుల్ పరిశోధకులు వర్డ్‌టూవెక్ అనే పద్ధతిలో కంప్యూటర్‌కి నేర్పింది కూడా ఈ సావాసమే. ఏ మాట పక్కన ఏవి వస్తున్నాయో కోట్ల వాక్యాల్లో చూసి, ఒకే రకం సావాసం ఉన్నవాటిని దగ్గరగా పెట్టడం. దీంట్లో ఒక చిక్కుంది. వ్యతిరేక పదాలు కూడా పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి. వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ స్నానానికే కదా. సావాసం చూసే యంత్రానికి అవి రెండూ ఒక ఇంటివే. పాలు తాగి నోరు కాల్చుకున్నవాడికే ఆ తేడా తెలిసేది.

ఇప్పటిదాకా చెప్పింది పక్కన ఉన్న మాటల గురించి. పక్కన లేని మాటలు కూడా అర్థాన్ని నిర్ణయిస్తాయని భాషాశాస్త్రవేత్త ఫెర్డినాండ్ డి సొస్యూర్ చెప్పాడు. ఆయన పోయాక, 1916లో, విద్యార్థుల నోట్సుల ఆధారంగా అచ్చయిన పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. ఫ్రెంచివాడికి 'ముతోఁ' అంటే గొర్రె, గొర్రె మాంసం కూడా. ఇంగ్లీషువాడు ఆ మాటను అరువు తెచ్చుకుని 'మటన్' చేశాడు గానీ, మందలో ఉన్నదానికి అప్పటికే 'షీప్' ఉంది. అందుకని మటన్‌కి పళ్లెంలోనే చోటు దొరికింది. సొస్యూర్ ఇక్కడ ఆగాడు, ఆ మాట ఆగలేదు. సముద్రం దాటి మన బజారుకొచ్చి, గొర్రెదైనా మేకదైనా మటనే అయింది. అప్పటికే కోస్తాలో వేటమాంసం, తెలంగాణలో యాటకూర ఉన్నాయి. అవి పోలేదు, కొంచెం జరిగి కూర్చున్నాయి. మా ఇంట్లో కొట్టుకెళ్లి తెచ్చేది మటన్, పండక్కి అమ్మ వండేది వేటమాంసం. ముక్కలు మాత్రం అవే.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలకీ ఇదే సీట్ల గొడవ. పాఠశాల విద్యకు సంబంధించిన కేంద్ర పథకం పేరు 2018 నుంచి 'సమగ్ర శిక్ష'. ఢిల్లీలో అది నిండైన చదువు. మన జిల్లా ఆఫీసు బోర్డు మీద తెలుగు అక్షరాల్లో చదివితే మాత్రం ఏ పిల్లాడికైనా వెన్నులో వణుకు పుట్టాలి. శిక్ష అంటే సంస్కృతంలో నేర్పడం. మన దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్చీలో 'చదువు' దర్జాగా కూర్చుని ఉంది, దాని పక్కన 'విద్య' కూడా చేరింది. శిక్షకి బెత్తం మిగిలింది. 'శిక్షణ'కి మాత్రం ఎలాగో పాత ఉద్యోగం దక్కింది. నా ఊహే ఇది, రుజువు చూపమంటే కష్టం. మన బళ్లు నడిచిన తీరు చూస్తే చదువుకీ దండనకీ దూరం ఎప్పుడూ అంత ఎక్కువ లేదు కూడా.

హిందీవాళ్లు 'విచార్' చేస్తే ఆలోచిస్తున్నారని, మనం విచారంగా ఉంటే ఏడుపు ఒక్కటే తక్కువని. వాళ్ల 'ఆలోచనా' అంటే విమర్శ. వాళ్ల 'చరిత్ర్' అంటే నడవడి, మన చరిత్ర వాళ్లకి 'ఇతిహాస్', మనకి ఇతిహాసాలంటే రామాయణ భారతాలు. గాంధీ సత్యాగ్రహంలో ఉన్న ఆగ్రహం కోపం కాదు, పట్టు. తెలుగు చెవికి మాత్రం ఉప్పు తీయడానికి వెళ్తున్నవాళ్ల ముఖాల్లో కోపం కనిపిస్తుంది. ఆ సంగతి వాళ్లని లాఠీలతో కొట్టినవాళ్లకి తెలియకపోవడమే మంచిదయింది.

ఒకటి మాత్రం గమనిస్తున్నాను. మా పక్క చాలామంది ఇప్పుడు మందుల షాపు అనడం మానేసి 'మెడికల్ షాపు' అంటున్నారు. "మందు వేసుకున్నావా" బదులు "ట్యాబ్లెట్ వేసుకున్నావా" వచ్చింది. ఆ 'ల' మీద నమ్మకం తగ్గినట్టుంది. ఏకవచనం మెల్లగా ఇల్లంతా ఆక్రమిస్తుంటే ఆరోగ్యం సామాన్లు సర్దుకుని ఇంగ్లీషు ఇంట్లోకి మారిపోతోంది.

నేను మాత్రం పాత అలవాటు వదల్లేదు. మొన్న పొద్దున ఏడింటికి ఊళ్లో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. బీపీ బిళ్ల సంగతి గుర్తొచ్చి, "నాన్నా, మందేసుకున్నావా?" అన్నాను. పొద్దుటి వేళ, ఇంటి అరుగు, కొడుకు గొంతులో కంగారు. భర్తృహరి చెప్పిన కాలమూ చోటూ స్వరమూ అన్నీ బిళ్లవైపే ఉన్నాయి. ఫోన్ స్పీకర్లో ఉందని నాకు తెలియదు. వెనకనుంచి బాబాయి అందుకున్నాడు:

"ఇంకా లేదురా. నువ్వు పంపిస్తానన్న సీసా రాలేదు!"