ఫిడేలు నేర్చేవారికి వినికిడే సగం విద్య

ఫిడేలు పట్టిన పిల్లలకు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటడానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత గీతాలు, వర్ణాలు. రోజూ గంటో రెండు గంటలో కమాను లాగుతున్నా ఒక దశలో విసుగు పుడుతుంది. స్వరం తప్పడం లేదు, తాళం తప్పడం లేదు. అయినా అది పాటలా వినిపించదు. ఇక మనకు రాదులే అని ఫిడేలు పెట్టెలో పెట్టేసేది అప్పుడే. అలాంటి పిల్లలను ఒక మంచి కచేరీకి తీసుకువెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాలని గురువులు చెబుతుంటారు.

విజయనగరం వాసులకు ఈ మాట కొత్త కాదు. 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరడానికి వస్తే, ఆయన వాయిద్యం విన్న దాసుగారు ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి నాయుడుగారిది పాతికేళ్ల ప్రాయం. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. చిన్ననాటి నుంచి చూపు సరిగా లేని ఆ మహా విద్వాంసుడికి చెవే పెద్ద దిక్కు.

వినడం వల్లే వచ్చిన వాద్యం

అసలు ఫిడేలు మన కచేరీలోకి వచ్చింది కూడా వినికిడి వల్లనే. అది ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో ఇంగ్లీషువారి బ్యాండు విని ముచ్చటపడ్డారని, ఒక ఐరోపా వాద్యగాడి దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతానికి మలిచారని చెబుతారు. ఆ బ్యాండు వరుసలకే ముత్తుస్వామి దీక్షితులు నోటు స్వరాలు కట్టారు.

పుస్తకంలో లేనిది

పుస్తకంలో గాంధారానికి 'గ' అన్న ఒక్క అక్షరమే ఉంటుంది. తోడి రాగంలో ఆ గాంధారం ఊగుతూ పలకాలి. శంకరాభరణంలో నిలకడగా నిలవాలి. ఎంత ఊగాలి, ఎక్కడ ఆగాలి అన్నది రాతకు అందదు. విద్వాంసుని వేలు తీగ మీద ఎలా జారుతోందో చూస్తూ వింటే, నెల రోజులు చెప్పినా పట్టుబడని గమకం ఒక్క సాయంత్రంలో మనసుకెక్కవచ్చు.

కూర్చునే తీరు కూడా చూసి నేర్చుకోవలసిందే. ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి, రెండో కొస ఎడమ భుజం దగ్గర ఆన్చుకుంటారు. అప్పుడు ఎడమ చెయ్యి బరువు మోయకుండా తీగ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. ఒక పొడవు స్వరానికి కమాను ఎంత లాగారు, ఎక్కడ తేలిక చేశారు అన్నవి దగ్గర కూర్చున్నవారికే తెలుస్తాయి.

గాత్ర కచేరీలో పక్కవాద్యం వాయించే ఫిడేలు విద్వాంసుడిని గమనిస్తే మరో పాఠం దొరుకుతుంది. మగవారు పాడితే శ్రుతి ఒకటో కట్టై దగ్గర, ఆడవారు పాడితే ఐదు దగ్గర ఉండడం మామూలు. అందుకు తగ్గట్టు బిరడాలు తిప్పి నాలుగు తీగలూ సరిచేసుకోవాలి. గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో, ఏ కృతి పాడతాడో ముందుగా తెలియకపోవచ్చు. ఆలాపనలో వెన్నంటి వెళ్లాలి, ఆయన ఆగాక తన వంతు వాయించాలి, అందులోనూ ఆయనకంటే క్లుప్తంగా ముగించాలి. స్వరకల్పనలో అప్పటికప్పుడు జవాబివ్వాలి. ఎక్కడైనా తడబడితే ముఖం మాడ్చుకోకుండా మళ్లీ తాళంలో కలవాలి. పొరపాటు పెద్దవారికీ వస్తుందని, దాన్ని దాటి వాయించడమే విద్య అని పిల్లలకు తెలిసేది అక్కడే.

ఫోను చాలదా?

ఇప్పుడు ఎవరి కచేరీ అయినా ఫోనులో దొరుకుతుంది. అది మంచిదే, వద్దని ఎవరూ అనరు. అయితే ఫోనులో మనకు నచ్చిన ముక్క విని తక్కినది తోసేస్తాం. కచేరీలో వర్ణం మొదలు మంగళం దాకా కూర్చోవాలి. చుట్టూ పదిమంది తొడ మీద తాళం వేస్తుంటే ఆది తాళం ఎనిమిది దెబ్బలూ తమకు తెలియకుండానే పిల్లల చేతికి వస్తాయి.

పల్లెల్లో ఉన్నవారికి ఒక ఇబ్బంది ఉంది. రాత్రి కచేరీ ముగిసేసరికి ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. అలాంటివారికి పుష్య బహుళ పంచమినాడు జరిగే త్యాగరాజ ఆరాధన అనువైనది. పంచరత్న కృతుల గోష్ఠిగానం సాధారణంగా ఉదయం పూటే ఉంటుంది, టిక్కెట్టు కూడా ఉండదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలు ఐదూ ఒక్క చోట వినవచ్చు. పాఠం అయినవారు నిర్వాహకులను అడిగి వెనక వరుసలో కూర్చుని వాయించవచ్చు కూడా. వెళ్లేముందు ఒక్క కృతి అయినా ఇంట్లో సాధన చేసి వెళితే, తమకు తెలిసినదానికీ విన్నదానికీ తేడా ఎక్కడుందో తెలిసివస్తుంది. ఇంటికి రాగానే ఆ ఒక్క ముక్కే మళ్లీ వాయించి చూడాలి.

ఈ కళాశాలలోనే చదువుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావుగారిని పసితనంలో తండ్రి సూరయ్యగారు తాను తరంగాలు పాడే చోటికి వెంట తీసుకువెళ్లేవారు. కళాశాల మెట్లు ఎక్కడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ కుర్రవాడి చెవి తయారైంది. ఫీజు కట్టి, ఫిడేలు కొనిపెట్టిన తల్లిదండ్రులు ఏడాదికి నాలుగైదు సాయంత్రాలు పిల్లల పక్కన కూర్చుని కచేరీ వింటే ఆ ఖర్చుకు ఫలితం దక్కుతుంది. వినేవారు లేక కచేరీలు పలచబడితే నేర్చుకునేవారికి చూసి నేర్చుకునే చోటే ఉండదు.